వాడినా తరగని సీసా

మరదలి కిడ్నీ నా తమ్ముడికి పనికిరాదని ల్యాబు తేల్చేసింది. ఆ పరీక్షలో వాడిన పూసలు నా కొట్టునుంచి వెళ్ళినవే. ఈ రెండు ముక్కలూ ఒక్క బుర్రలో ఇమడక, తెల్లారగానే ఐసుపెట్టె చంకన పెట్టుకుని ల్యాబు మెట్లెక్కాను.

అప్పటికి మా ఇంటి లెక్క ఇలా ఉంది. తమ్ముడు సైన్‌బోర్డులు రాస్తాడు. కిడ్నీలు రెండూ మొరాయించాక రోజు విడిచి రోజు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేసే మెషీను పక్కన కుర్చీలో కూర్చుంటున్నాడు. నేనిద్దామంటే నాకు షుగరు. అమ్మ ఇస్తానంటే, ఆవిడ మాట పూర్తి కాకముందే డాక్టర్లు తల అడ్డంగా ఊపారు. మిగిలింది వాడి భార్య, నా మరదలు. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. "రెండున్నాయిగా వదినా, ఒకటి స్టెప్నీయే కదా" అంది, చీర మార్చుకొస్తానన్నంత తేలిగ్గా. ఆసుపత్రివాళ్ళు ఇద్దరి రక్తాలూ ఈ ల్యాబుకి పంపారు. తమ్ముడి రక్తంలో మరదలి కిడ్నీ మీద విరుచుకుపడే యాంటీబాడీలున్నాయని, పెట్టినా నిలవదని జవాబొచ్చింది.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి సైన్సు కూడా ఒప్పుకుంది, ఈవిడ నా ఒంటికి పడదని" అన్నాడు తమ్ముడు. మరదలు నవ్వలేదు. వాడి పక్క కుర్చీలో కూర్చునే డ్రిల్లు మాస్టారు కూడా నవ్వలేదు. ఆయన స్కూల్లో పిల్లలచేత కసరత్తులు చేయించి రిటైరైన మనిషి, ఇప్పటికీ మెళ్ళో విజిలు తీయడు. అదే వారం, అదే ల్యాబులో, ఆయనకి వాళ్ళ చెల్లెలి కిడ్నీ చక్కగా సరిపోతుందని వచ్చింది. ఆ సంతోషాన్ని మా ముందు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఆయన పడ్డ అవస్థ చూసి, "సిగ్గెందుకు మాస్టారూ, ఊదండి ఒకసారి" అని తమ్ముడే అన్నాడు. ఆయన ఊదాడు. వార్డంతా ఉలిక్కిపడింది. నర్సు ఇద్దర్నీ కలిపి తిట్టింది.

నేను వ్యాపారిని. ల్యాబులకి కావలసిన సరుకు అమ్ముతాను. సరుకు గురించి ఫిర్యాదొస్తే నేను ముందు కొన్నవాడినీ అనుమానించను, కంపెనీనీ అనుమానించను. సీసా చేతిలోకి తీసుకుని చూస్తాను. ఈసారి ఫిర్యాదు చేసింది నా ఇల్లు. చూడకుండా ఎలా ఊరుకుంటాను?

ల్యాబు నడిపే డాక్టరమ్మ అప్పుడే తాళం తీయించింది. వరండాలో ఒక లైటు చాలని రెండోది ఆర్పుతోంది. చెయ్యి తుడుచుకునే కాగితాన్ని కూడా సగానికి చింపి వాడే మనిషి. అద్దె గదిలో ఒక్క మైక్రోస్కోపుతో మొదలుపెట్టి, ఇంత ల్యాబు నిలబెట్టింది. ఆవిడంటే నాకు గౌరవం ఉండడానికి ఆ సగం కాగితం కూడా ఒక కారణం.

"ఏమ్మా, ఆర్డరు లేకుండా పెట్టె తెచ్చావేంటి?"

"అమ్మడానికి కాదండీ. కొత్త సీసా, సీలు కూడా తియ్యలేదు. దీంతో మా తమ్ముడి పరీక్ష ఇంకోసారి చెయ్యండి."

డాక్టరమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. తను కూర్చోలేదు.

"నీ తమ్ముడంటే నాకు మాత్రం జాలి లేదా? కానీ ఒక మాట విను. నచ్చని ఫలితం వచ్చిన ప్రతివాళ్ళూ మళ్ళీ చెయ్యమంటారు. నచ్చినవాళ్ళు ఒక్కరైనా మళ్ళీ చెయ్యమన్నారా ఎప్పుడైనా? ఏడ్చినవాళ్ళకల్లా మళ్ళీ చేసుకుంటూ పోతే, ఇది ల్యాబు అనిపించుకుంటుందా?"

"నేనేడవడం లేదండీ. సరుకు చూపించమంటున్నాను."

"సరుకు నీదే కదా!"

"నాది కాబట్టే అడుగుతున్నాను. ఏ సీసాతో చేశారో అది చూపించండి. బాగుంటే నోరుమూసుకుని వెళ్ళిపోతాను."

ఆవిడ గుమ్మంవైపు చూసి, "ఏమయ్యా కళ్ళజోడూ, ఆ సీసా తీసుకురా. ఈవిడ కూడా చూసి తరిస్తుంది" అంది.

కళ్ళజోడంటే ఆ మెషీను నడిపే మనిషి. నా వయసే. కళ్ళజోడు నుదుటిమీదకి నెట్టుకుని, దానికోసం ల్యాబంతా వెతకడంవల్ల ఆ పేరొచ్చింది. ఫ్రిజ్ తీసి, వెండికాగితం చుట్టిన సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. వెలుతురు తగిలితే పూసల రంగు వెలిసిపోతుందని అలా చుట్టి ఉంచుతారు.

పూసలంటే దండ గుచ్చేవి కావు. ధూళి రేణువంత కూడా ఉండవు, కంటికి ఆనవు. ఒక్కో పూసలో రెండు రంగుల్ని వేర్వేరు పాళ్ళలో కలిపి నింపుతారు. పాళ్ళు మారితే రంగు మారుతుంది, ఆ రంగే దాని గుర్తు. ఒక్కో రంగు పూసమీద ఒక్కో రకం ఎర, అంటే మనిషి మనిషికీ మారే కణపు ముద్ర, అంటిస్తారు. అన్నిటినీ కలిపేసి కొంచెం రక్తపు తేటలో వదిలితే, ఏ ఎరకి పట్టాల్సిన యాంటీబాడీ ఆ ఎరకి పడుతుంది. తర్వాత మెషీను పూసల్ని ఒక్కొక్కటిగా వరసలో నడిపిస్తుంది. ఒక లేజరు రంగు చూసి నువ్వెవరివని అడుగుతుంది, ఇంకో లేజరు వెలుగు చూసి నీకేం చిక్కిందని అడుగుతుంది. ఒకప్పుడు ఒక్కో సంగతికి ఒక్కో పరీక్ష, ఒక్కో గొట్టం రక్తం. ఇప్పుడు ఒక్క బొట్టుకే జవాబులన్నీ ఒకేసారి తెరమీదకి వస్తాయి. ఈ మాటలు చెప్పి చెప్పి అమ్మాను గనక, నిద్రలో లేపి అడిగినా తడుముకోను.

వెండికాగితం కాస్త విప్పాను. వేలెడంత సీసా, ముదురు గాజు. మీద నా కొట్టు చీటీ ఉంది. కిటికీకి వీపు పెట్టి, సీసాని అటూ ఇటూ వంచి చూశాను. మళ్ళీ వంచాను.

"ఇది తెరిచి ఎన్నాళ్ళయింది?"

"నెల దాటిందండీ" అన్నాడు కళ్ళజోడు.

"దీంతో పరీక్షలు బాగానే చేసి ఉంటారే?"

"చేశామండీ. ఆసుపత్రినుంచి వచ్చినవన్నీ దీంతోనే."

"మరి ఇది తగ్గదేంటి?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను ఐసుపెట్టెలోంచి కొత్త సీసా తీసి దాని పక్కన నిలబెట్టాను. సీలున్న సీసాలో సరుకు భుజం కిందే ఆగిపోయింది. కంపెనీవాళ్ళు అంతే పోస్తారు. కొసరు అడిగినా ఒక్క చుక్క పొయ్యరు, నేనడిగి చూశాను. నెల్లాళ్ళుగా వాడుతున్న సీసా మాత్రం మెడ దాకా నిండుగా ఉంది.

"వాడినకొద్దీ నిండే సీసాని నా వ్యాపారంలో ఇదే చూడడం. ఆ కిటుకేదో చెబితే నేనూ కొట్టు మూసుకుని హాయిగా కూర్చుంటాను."

కళ్ళజోడు నుదుటిమీద ఉన్న కళ్ళజోడుకోసం జేబులు వెతుక్కున్నాడు. "అది... నేనేనండీ... పొరపాటున ఏదో..."

"నువ్వు ఊరుకో" అంది డాక్టరమ్మ. "నీకు అబద్ధమాడడం రాదు, నేర్చుకోకు కూడా. నేనే పోశాను."

ఆవిడ గొంతులో తప్పు చేసిన ధ్వని లేదు. ఇంటి సంగతి చెప్పినట్టే చెప్పింది. "పాత సీసాల అడుగున ఎప్పుడూ కాస్త మిగిలిపోతుంది. పారబోయడానికి చెయ్యి రాదు నాకు. ఒక్కోదాన్నీ కడిగి, ఆ కడిగిన నీళ్ళతో సహా ఇందులోకి ఒంపాను. అదే పేరు, అదే కంపెనీ, గడువు కూడా దాటలేదు. అందులో తప్పేముంది? ఒకే సరుకుని..."

అక్కడ ఆగిపోయింది. చెయ్యి చాచి కుర్చీ వీపు పట్టుకుంది. అప్పుడు కూర్చుంది.

"లాటు మారింది" అంది. ఒక్క విడతలో తయారైన సరుకంతా ఒక లాటు.

కళ్ళజోడు తల దించుకున్నాడు. నాకు మాత్రం ఇంకా ముడి పూర్తిగా విడలేదు. అడిగాను. డాక్టరమ్మ నా మొహం చూడకుండా చెప్పింది.

"ఒక్కో లాటుకి ఏ రంగుమీద ఏ ఎర అంటించాలో కంపెనీ మళ్ళీ పంచుకుంటుంది. పాత లాటులో ఒక రంగుమీద ఉన్న ఎర, కొత్త లాటులో వేరే రంగుమీదకి పోతుంది. కొత్త సీసా రాగానే ఈ పంపకం మెషీనుకి నేర్పేది ఇతనే. ఇతను కొత్తది నేర్పాడు. నేను సీసాలో పాత పూసలు కలిపాను. మెషీను రంగు చూసి ఒక పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరుకి ఇప్పుడు ఇద్దరు పలుకుతున్నారు."

"మీకు తెలియని సంగతి కాదు కదండీ ఇది."

"తలకి తెలుసు. చేతికి తెలియలేదు."

ఆ మాటతో నాకు మరదలి గేటు గుర్తొచ్చింది. డ్రైవింగ్ స్కూలు గేటుకి రంగు వేస్తూ, పాత డబ్బా అడుగున మిగిలింది వృథా కాకూడదని కొత్త డబ్బాలో ఒంపేసింది. తమ్ముడు వీధిలోకి వినిపించేలా అరిచాడు. "డబ్బామీద పేరొకటే అయితే రంగొకటే అవుతుందటే? ఇప్పుడిది అదీ కాదు, ఇదీ కాదు!" ఆ గేటు ఇప్పటికీ రెండు రకాల నీలంగా ఉంది. గేటు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

డాక్టరమ్మ తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"సరే. నీ తమ్ముడి తేట ఇంకా ఫ్రీజరులో ఉంది. నువ్వు తెచ్చిన కొత్త లాటు సీసాతో ఇప్పుడే చేస్తాను, నా చేత్తో నేనే చేస్తాను. కానీ ఈ సంగతి ఈ గదిలోనే ఉండాలి."

"మిగతావాళ్ళ పరీక్షలు?"

"ఒక్కొక్కటీ నిదానంగా సరిచేసుకుంటాను. గొడవ కాకుండా. చూడు, ఇది బయటికెళితే నా ల్యాబు మూతపడుతుంది. నా ల్యాబు మూతపడితే నీ కొట్టులో బొమ్మలమ్ముకోవాలి నువ్వు. పైగా ఆ సీసామీద ఎవరి చీటీ ఉంది? లోపల ఎవరు పోశారని అడిగేముందు, ఎవరమ్మారని అడుగుతారు."

బేరం బాగుంది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా తమ్ముడికి ప్రాణం, నాకు వ్యాపారం, ఆవిడకి పరువు. అందరికీ లాభమేనని ఎవరైనా అంటే, మరి నష్టం ఎవరి నెత్తిన పడిందా అని వెతకడం నాకలవాటు. అప్పటికి నాకు కనిపించలేదు. కనిపించేదాకా ఆగే తీరికా లేదు.

"ముందు పరీక్ష మొదలుపెట్టండి. బేరం తర్వాత" అన్నాను.

ఆవిడ చేతుల్లో పని చూస్తుంటే ముచ్చటేసింది, అంత కోపంలోనూ. కొత్త సీసాని బాగా కుదిపింది. పూసలు అడుగుకి దిగిపోతాయి, కుదపకపోతే పైన ఉత్త నీళ్ళే వస్తాయి. గుంటల పలకలో చుక్క వేసి, తమ్ముడి తేట కలిపి, వెండికాగితం కప్పి, ఊగే బల్లమీద పెట్టింది. కడిగింది. తర్వాత, ఎరకి చిక్కినదాన్ని వెలిగించే మందు వేసింది. మళ్ళీ కడిగింది. నేను ఫోను చేసి మరదల్ని పిలిచాను. ఆవిడ పాఠం మధ్యలో ఆపేసి, నేర్చుకునేవాణ్ణి ఎక్కడో రోడ్డుమీద దింపేసి వచ్చింది. కారు నెత్తిమీద 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అన్న బోర్డు అలాగే ఉంది. తమ్ముడు రాసిందే.

"ఏంటి వదినా, మళ్ళీ ఫెయిలయ్యానని చెప్పడానికి పిలిచావా?"

"నోరుమూసుకుని కూర్చో."

మధ్యాహ్నం దాటాక మెషీను పూసల్ని మింగడం మొదలుపెట్టింది. తెరమీద గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఒక్కో గీత ఒక్కో రంగు, ఒక్కో ఎర. కొన్ని నేలబారుగా ఉన్నాయి, కొన్ని నిటారుగా లేచాయి. డాక్టరమ్మ వేలు వాటి మీదుగా నడిచి, ఒకచోట ఆగింది.

"ఇదీ ఈ అమ్మాయిది."

గీత నేలకి అతుక్కుపోయి ఉంది.

"అదుగో, అంత ఎత్తున లేచిందే, అది వేరే ఎర. ఎప్పుడో ఎక్కించుకున్న రక్తంవల్ల నీ తమ్ముడికి దానిమీద కక్ష ఉంది. ఈ అమ్మాయి ఒంట్లో అసలు అది లేదు. పాత లాటులో ఆ ఎర ఈ అమ్మాయి రంగుమీద ఉండేది. నేను కలిపిన పాత పూసలు వెలిగి, నింద ఈ అమ్మాయిమీద వేశాయి."

మరదలు ఆ గీతవైపు, నావైపు చూసింది. "అంటే... నేను పాసయ్యానా?"

"పాసే" అంది డాక్టరమ్మ.

"రెండోసారికి పాసైనవాళ్ళకి ఎంతమందికి షేక్‌హ్యాండ్ ఇచ్చానో" అని, పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను వీపు నిమిరాను.

మరదలు తమ్ముడికి ఫోను చేయడానికి వరండాలోకి వెళ్ళింది. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ, "నీ పనైంది. ఇంటికెళ్ళు. ఇందాకటి మాట మర్చిపోకు" అంది.

లేవబోయాను. కాళ్ళు లేచాయి గాని లెక్క లేవలేదు. లేనిదాన్ని ఉందని చెప్పిన సీసా అది. ఏ కాటాలోనైనా తప్పు ఒకవైపే ఉంటుందా?

"డాక్టరుగారూ, ఒక్క సంగతి. ఆ సీసా ఉన్నదాన్ని లేదని కూడా చెప్పగలదా?"

ఆవిడ తొడుగు సగం విప్పిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"చెప్పండి."

"మెషీను ఒక్కో రంగులో కొన్ని పూసల్ని చూస్తుంది. అన్నిటికన్నా వెలిగేదాన్నీ పట్టించుకోదు, అన్నిటికన్నా ఆరిపోయినదాన్నీ పట్టించుకోదు. నడిమిదాని మాటే లెక్క. పాత సీసాల అడుగున నీళ్ళు కొంచెమే ఉన్నా పూసలన్నీ అక్కడికే చేరతాయి. అంటే నేను కలిపినవే ఎక్కువై ఉంటాయి. ఆ పాతవి చీకటిగా ఉంటే, కొత్తవి ఎంత వెలిగినా వాటి మాట చెల్లదు."

"అంటే చెప్పగలదు."

"చెప్పగలదు" అంది, కిందకి చూస్తూ.

అప్పుడే మరదలు ఫోను పట్టుకుని లోపలికొచ్చింది. స్పీకరులో తమ్ముడి గొంతు. "అక్కా! ఏడ్చావంటే ఊరుకోను. ఇన్నేళ్ళు ఈవిడ పెట్టింది తిని అరిగించుకున్నాను, కిడ్నీ అరగదా నాకు?"

"నీ మొహం. ఎలా ఉన్నావురా?"

"కుర్చీలోనే ఉన్నాను. ఈ మాట ముందు మాస్టారికి చెబుదామని చూస్తే ఆయన లేడు. ఎవరిదో ఆపరేషను వాయిదా పడిందట, ఖాళీ దొరికిందని ఆయన్నీ చెల్లెల్నీ ఇవాళే లోపలికి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ విజిలు నాకిచ్చాడు, వచ్చాక తీసుకుంటానని."

నచ్చినవాళ్ళు ఒక్కరైనా మళ్ళీ చెయ్యమన్నారా అని పొద్దున ఈ గదిలోనే అన్న మాట, గోడకి తగిలి ఇప్పుడు తిరిగొచ్చినట్టుంది.

"డ్రిల్లు మాస్టారిది కూడా..." అన్నాను కళ్ళజోడుతో.

"ఈ సీసాయేనండీ."

డాక్టరమ్మ గబగబా అందుకుంది. "ఆసుపత్రిలో ఆఖర్న ఇద్దరి రక్తాలూ కలిపి చూస్తారు. తేడా ఉంటే అక్కడ బయటపడుతుంది."

"ఎంత చిన్న తేడా అయినా పడుతుందా?"

చిన్నవాటిని అది పట్టలేదు గనకే ఈ పూసలు కొనమని ఇదే గదిలో ఆవిడకి నేనే చెప్పి అమ్మాను.

నష్టం ఎవరి నెత్తిన పడిందో నాకు కనిపించింది. విజిలు తీసి పక్కవాడికిచ్చి లోపలికి వెళ్ళిన మనిషి నెత్తిన.

"పొద్దున మీరిచ్చిన బేరం నాకొద్దండీ" అన్నాను. "ఆ చీటీ నా కొట్టుదే. ఎవరమ్మారంటే నా పేరే చెప్పండి. వ్యాపారం పోతే పోతుంది, బొమ్మలు కూడా బాగానే అమ్ముతాను నేను. ఫోను తీయండి."

"నువ్వనుకుంటున్నంత తేలిక కాదు."

"తేలికని నేననలేదు. తీయమన్నాను."

ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది. ఫోను తీసింది. ఆపరేషను గదికి చేరడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు అడ్డుపడ్డారు. ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వెళ్ళింది. చివరికి స్పీకరులో సర్జను గొంతు, విసుగ్గా. "చెప్పండి, చేతుల్లో పనుంది."

"మీరిప్పుడు చేస్తున్న పేషెంటుకి... కిడ్నీ పెట్టకండి. ఆపండి."

"ఏంటండీ మాట్లాడుతున్నారు? చెల్లెలి కిడ్నీ ఇప్పుడే బయటికి తీశాం. ఇక్కడ మంచులో ఉంది. కారణం లేకుండా నేనాపను."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ల్యాబు గోడమీద, ఆవిడ మొదటి మైక్రోస్కోపు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఉంది. దానికింద నిలబడి చెప్పింది.

"నేను రెండు లాటుల పూసలు కలిపేశాను. నా చేత్తో. ఆయన పరీక్ష వాటితోనే జరిగింది. ఆ ఫలితాన్ని నమ్మకండి."

"మళ్ళీ చెయ్యండి" అన్నాడు సర్జను. "మంచులో సాయంత్రం దాకా ఆపగలను. ఆ తర్వాత నాదీ పూచీ కాదు, ఎవరిదీ కాదు."

కళ్ళజోడు అప్పటికే ఫ్రీజరు తలుపు తీశాడు. వెతకనైనా వెతకలేదు, అలాగే నిలబడ్డాడు. "కాదని తేలినవాళ్ళ తేట దాస్తామండీ, మళ్ళీ అడుగుతారని. సరిపోయినవాళ్ళది ఉంచం. జాగా దండగని..."

"నాకు తెలుసయ్యా" అంది డాక్టరమ్మ. ఆ నియమం కూడా ఆవిడదే. ఫోనులోకి, "ఆయన రక్తం కొంచెం తీసి గుమ్మం దగ్గర ఉంచండి. మనిషిని పంపుతున్నాను" అంది.

ఎవర్ని పంపాలో ఎవరూ అనుకోలేదు. మరదలు ఐసుపెట్టె ఖాళీ చేసి చేతిలోకి తీసుకుంది.

"జాగ్రత్తే!" అన్నాను. "నీ దగ్గరున్నవి రెండూ నీవి కావిప్పుడు."

"ఒకటి మీ తమ్ముడిది, గుర్తుంది వదినా. బోర్డు చూసి జనమే తప్పుకుంటార్లే."

కారు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూశాను. డాక్టరమ్మ కొత్త పలక తీసి గుంటలు సిద్ధం చేస్తోంది. కొత్త సీసాలో మిగిలినదాన్ని కుదుపుతోంది. మనసులో పెట్టుకున్న బరువు దించేసిన మనిషి పని ఎంత వేగంగా సాగుతుందో చూస్తూ నిలబడ్డాను. ఫోను మళ్ళీ మోగింది. సర్జనే.

"ఇంకో సంగతి చెప్పి ఉంచుతున్నాను. మాస్టారికి పనికిరాదని తేలితే ఈ కిడ్నీ తిరిగి చెల్లెలికి పెట్టలేను, పారేయాలి. లేదా ఇంకొకరికి పెట్టాలి. అది ఆవిడ తెలివిలోకొచ్చి ఒప్పుకుంటేనే, మా పెద్దలు కూర్చుని సరేనంటేనే. కానీ ఆవిడ రక్తం గ్రూపున్న మనిషి మా వార్డులో ఒక్కడే ఉన్నాడు. బోర్డులు రాసే కుర్రాడు. వార్డులో చెప్పారు, అతని పరీక్ష ఇవాళ కొత్త పూసలతో చేశారట కదా? అన్నీ ఒకేసారి తెలిసిపోయే పరీక్షేగా అది. ఈ చెల్లెలి కిడ్నీకి అతని రక్తం ఏమంటుందో మీ తెరమీద ఉండే ఉంటుంది. చూసి చెప్పండి."

ఫోను పెట్టేశాడు.

తెర నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. తమ్ముడి గీతలన్నీ అలాగే వెలుగుతున్నాయి. వాటిలో ఏదో ఒకటి మాస్టారి చెల్లెలిది. అది నేలబారుగా ఉంటే, మరదలి ఒంటిమీద కత్తి పడక్కర్లేదు. స్టెప్నీ స్టెప్నీలాగే ఉంటుంది. దానికి కావలసిందల్లా, ఇప్పుడు దారిలో ఉన్న ఆ రక్తం చెడు కబురు మోసుకురావడం.

జీవితంలో ఏ సరుకు తూచినా, త్రాసు ఎటు వాలాలని కోరుకుంటున్నానో నాకు తెలుసు. మొదటిసారి ఆ కోరిక చూసి నాకే భయమేసింది.

లేచి వెళ్ళి, బల్లమీదున్న వెండికాగితం తీసి తెరమీద కప్పాను. అంచులు నొక్కి మరీ కప్పాను.

"మాస్టారి లెక్క తేలేదాకా ఇది ఎవరూ చూడకూడదు" అన్నాను. "నేనూ చూడను, మీరూ చూడకండి. ఆయన రక్తంలో పూసలు కలిపే చేతులు మీవి. ఆ చేతులకి ఇది తెలియకూడదు."

డాక్టరమ్మ సీసా కుదపడం ఆపింది. కాగితం కప్పిన తెరవైపు కాకుండా, తిన్నగా నా కళ్ళల్లోకి చూసింది.

"కప్పి లాభం లేదమ్మా" అంది. "ఆయన ఫోనులో అడుగుతుండగానే చూసేశాను."